మూడు కవర్లు, ఒక గొలుసు

కిందటి నెల ఓ పొద్దున్న మా అక్క మనవరాలు ఫోన్ చేసి, "తాతయ్యా, మీరొచ్చి అమ్మమ్మకి చెప్పకపోతే నా ఉద్యోగం పోయినట్టేనండీ" అంది ఏడుపు గొంతుతో. గన్నవరంలో ఓ ఆఫీసులో కుదిరిన మొదటి ఉద్యోగం, సోమవారం చేరాలి, విజయవాడ నుంచి రోజూ బస్సులో వెళ్ళి రావాలి. ఇంతలో గన్నవరం దారిలో ఎవరో ఆడమనిషి మెళ్ళో గొలుసు లాక్కుపోయారని టీవీలో చూసి, అక్క ససేమిరా పంపనని భీష్మించుకు కూర్చుందట. పిల్ల చిన్నప్పటి నుంచీ అక్క దగ్గరే పెరిగింది, వాళ్ళమ్మ కూడా అక్క గీసిన గీత దాటదు. ఈ మోకాళ్ళతో ఆటో ఎక్కి దిగడం నాకు పెద్ద ప్రయాణమే, కానీ గొలుసు అన్న మాట వినగానే చెప్పులు వేసుకున్నాను.

వెళ్ళేసరికి అక్క రిమోటు పట్టుకుని టీవీకి ఎదురుగా ఉంది. "చూడరా, ఒక్క రోజులో నాలుగు చోట్ల! లోకం పాడైపోయింది. మన రోజుల్లో ఇలా ఉండేదా?" అంది. నేనూ కూర్చుని చూశాను. ఒక ఛానలు విజయవాడ శివార్లలో అంది, ఒకటి నిడమానూరు దగ్గరంది, ఇంకొకటి గన్నవరం రోడ్డంది, నాలుగోది జాతీయ రహదారి మీద ఘోరం అంది. నాలుగింట్లోనూ అదే ఆకుపచ్చ చీర, అదే పాలబూత్, అదే బండి. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది, ఎందుకంటే ఇదే పని నలభై ఏళ్ళ పైమాట కిందట, ఏ కెమెరా లేకుండా, ఈ చేతులతో నేను చేశాను.

నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో వార్తలు బస్సులో వచ్చేవి. ఊరూరా ఉండే విలేకరులు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, డ్రైవరు చేతికిస్తే, సాయంత్రానికి బస్టాండు నుంచి గవర్నర్‌పేటలోని మా పేపరాఫీసుకి సంచిలో చేరేవి. ఒక్కోసారి ఆ కవర్లకి టమాటా రసం అంటుకుని ఉండేది, ఒక్కోసారి చేపల వాసన వచ్చేది, అయినా వాటిని చింపడమంటే నాకు పండగే. జిల్లా పేజీ నా చేతిలో ఉండేది. ఫలానా ఊళ్ళో బడి సమయానికి తెరిచారు, ఫలానా కాలవ కింద అందరికీ నీళ్ళందాయి అని ఏ కవరూ వచ్చేది కాదు, వచ్చినా నేను వేసేవాణ్ణి కాదు. సవ్యంగా నడిచింది వార్త కాదని మా డెస్కు పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. అందులో తప్పేమీ లేదు గానీ, చదివేవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

విలేకరులకి ఇంకో పట్టింపు ఉండేది. ఒకరి ఊరి వార్త ఇంకొకరు రాయకూడదు. అందుకని ఏదైనా రెండు మూడు ఊళ్ళ పొలిమేరలో జరిగితే, ప్రతివాడూ అది మా ఊళ్ళోనే జరిగిందని తన ఊరి పేరు పెట్టి పంపేవాడు. ఓ సాయంత్రం మైలవరం వైపు నుంచి అలా మూడు కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో మధ్యవయసు మహిళ, రెండు కాసుల గొలుసు. ఒకదాంట్లో నలభై ఏళ్ళ ఇల్లాలు, మూడు కాసులు. మూడోదాంట్లో ఒంటరిగా వెళ్తున్న ఆడకూలీ. ఆ పట్టింపు తెలిసి కూడా నాకు అనుమానం రాలేదు. నిజం చెప్పొద్దూ, రాకూడదనే అనుకున్నానేమో. మూడింటినీ కలిపి, చుట్టూ గీత గీసి పెట్టెలా కట్టి, "మైలవరం దారుల్లో గొలుసు దొంగల ముఠా" అని హెడ్డింగు పెట్టాను. పెద్దాయన భుజం తట్టాడు. మర్నాడు నాకు సెలవు. ఆ పేపరు చంకలో పెట్టుకుని మొదటి బస్సుకి మైలవరంలోని మా ఇంటికి వెళ్ళి, నేనే నాన్న చేతికిచ్చాను.

బైబిలు తర్వాత మా నాన్న అంతగా నమ్మింది పేపరునే. అక్క అప్పుడు మైలవరానికి రెండు మైళ్ళ అవతల ఓ మిషను బళ్ళో టీచరు, రోజూ చింతచెట్ల కింద రోడ్డు మీద నడిచి వెళ్ళొచ్చేది. చేరి ఏడాది కూడా కాలేదు, తెల్ల చీర ఇస్త్రీ చేసుకుని, జడలో ఓ గులాబీ పెట్టుకుని బయల్దేరుతుంటే ఇల్లంతా కళగా ఉండేది. నాన్న నా పెట్టెవార్త పైకి చదివి, కళ్ళజోడు తీసి, ఇక బడికి వెళ్ళొద్దన్నాడు. అక్క ఊరుకోలేదు. "రోజూ నడిచేదాన్ని నేను నాన్నా! దారి పొడుగునా పొలాల్లో మనుషులుంటారు, మా పిల్లల అమ్మానాన్నలే అందరూను" అంది. "పేపరు వాళ్ళకి తెలియదు, నీకు తెలుసా?" అన్నాడు నాన్న. అక్క నా వైపు చూసింది. నేను కాఫీ తాగుతున్నాను.

నెలాఖరు మీటింగులో ఆ ముగ్గురు విలేకరులూ వార్త ముందు పంపింది నేనంటే నేనని కొట్టుకున్నంత పని చేస్తే గానీ, గొలుసు ఒకటేనని, పోగొట్టుకున్నామె ఒకరేనని తేలలేదు. పేజీలో ఓ మూల, కొళాయి నీళ్ళు వదిలే వేళల ప్రకటన కింద నాలుగు లైన్ల సవరణ వేశాం. అది నాన్న చదవలేదు, ఎవరూ చదవలేదు. నేనైనా చెప్పి ఉండాల్సింది. చెబితే నాన్న దృష్టిలో నా విలువ పోతుందని నోరు కుట్టుకున్నాను. అప్పటికే బళ్ళో అక్క కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఆ తర్వాత అక్క ఇంకెక్కడా పాఠం చెప్పలేదు.

ఇదంతా ఇన్నేళ్ళకి ఆ పొద్దున్న టీవీ కట్టేసి అక్కకి చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. "ఒక్క మాటరా! అప్పుడు ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?" అని అరిచింది. పిల్ల గదిలోంచి పరుగున వచ్చింది. తిట్టు, అక్కా, అన్నాను. తిట్టకుండా లోపలికి పోయింది. వచ్చాక, ఆ గొలుసు దొరికిందా అని అడిగింది. నాకు తెలియదు. మా మూడు కవర్లలో గొలుసు పోయినామె పేరే లేదు, తర్వాత ఏమైందో ఎవరమూ కనుక్కోలేదు.

సోమవారం పొద్దున్నే అక్క తానే పిల్లతో బస్సెక్కింది, తానే చూసి తేల్చుకుంటానని. మధ్యాహ్నం ఫోన్ చేసింది. బస్సు నిండా ఆడపిల్లలేనట, గూడవల్లి దగ్గర ఓ కుర్రాడు లేచి సీటిచ్చాడట, తను మరిచిపోయిన చిల్లర కండక్టరమ్మ పిలిచి మరీ ఇచ్చిందట. "ఇవి వేస్తారేంట్రా మీవాళ్ళు?" అని ఎగతాళి చేసింది. వేయరు. అప్పుడూ వేయలేదు. లోకం చెడిపోయిందంటే నేనొప్పుకోను. చెడ్డవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు, సీటిచ్చేవాళ్ళు అంతకంటే ఎప్పుడూ ఎక్కువే. మారిందల్లా కవరు. అప్పుడది బస్సులో ఊగుతూ సాయంత్రానికి వచ్చేది, చింపడానికి ముందు ఆలోచించుకునే వ్యవధి ఉండేది. నేను వాడుకోలేదంతే. ఇప్పుడు ఆ వ్యవధి కూడా లేదు.

పిల్లని రేపట్నుంచి ఒంటరిగానే పంపుతానని చెప్పి, ఫోన్ పెట్టేసే ముందు అక్క, "నా బడి దారి కూడా ఇలాగే ఉండేదిరా" అంది.

ఆ మాట అక్క ఆనాడే చెప్పింది. నాన్న పక్కన కూర్చుని నేనూ విన్నాను.