ఆట నడుమ రసూల్

గులాం రసూల్ ఏ నాటకాన్నీ చివరిదాకా నడవనివ్వడు. మెదక్‌లో మా ప్రాథమిక పాఠశాలకు ఆయన డ్రాయింగ్ మాస్టారు. శనివారం శనివారం పిల్లల చేత ఆట ఆడిస్తాడు. సరిగ్గా రక్తి కట్టే చోట, చేతిలో సుద్దముక్కతో వేదిక ఎక్కి, కింద కూర్చున్న ఒకటో తరగతిని అడుగుతాడు: "ఇప్పుడేం జేద్దాం, చెప్పుండ్రి!"

నాటకాలు రాసేది అదే బడిలో పాఠాలు చెప్పే నేను. ఒకటో తరగతి సలహా నాకు అక్కర లేదు.

వాళ్లకు సలహాల కొరత లేదు. రాజు యుద్ధానికి బయలుదేరితే "అన్నం తిని పొమ్మను సార్" అన్నారు. ఆ రాజు నా పద్యం పక్కన పెట్టి, అక్కడే కూర్చుని ఉత్తి చేత్తో భోంచేశాడు. మరోసారి నక్క చావాలి. "వద్దు సార్, దాని అమ్మ ఏడుస్తది" అంది హాజిరా, ముందు వరుసలోంచి. నక్క లేచి ఇంటికి పోయింది. నీతి కూడా దాని వెంటే పోయింది.

"రసూల్, ఇది నాటకమా, అంగడా?"

"వాళ్ల కోసమే గద సార్ రాసిండ్రు. జర వాళ్లను గూడ అడగాలె."

"సూది వేసే డాక్టరు పిల్లల్ని అడిగే వేస్తడా?"

"అడగడు సార్. గందుకే ఏడుస్తరు."

హెడ్మాస్టరు జయానందం గారికి ఫిర్యాదు చేశాను. ఆయన ఒక్క మాటలో తేల్చేశారు: "రసూల్, ఇంకోసారి నడుమల ఆపినవంటే శనివారం ఆటలే బంద్." రసూల్ మొహం పాలిపోయింది. నాకు మనసు చల్లబడింది.

ఆ వారం పులి వేషగాడికి గవదబిళ్లలు లేచాయి. మాటలన్నీ నావే కనుక పులి వేషం నేనే కట్టాను. జయానందం గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. మేకకు ఎదురుగా నిలబడి గర్జించాను. తర్వాతి మాట రాలేదు. నేను రాసిన మాటే. మళ్లీ గర్జించాను. మూడోసారి గర్జిస్తే దగ్గు వచ్చింది. మేక జాలిగా చూసింది.

రసూల్ జయానందం గారి వైపు చూశాడు. నా వైపు చూశాడు. వేదిక ఎక్కాడు.

"పులికి ఏమైంది పిల్లలూ?"

"కడుపు నొస్తంది సార్!"

"ఏం జేద్దాం?"

"దవాఖానకు తోల్కపోదాం!"

మేక నా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. చప్పట్లు ఆగలేదు.

తెర వెనక తోక విప్పుకుంటూ అడిగాను: "ఆనాడు ఆ నక్క?"

"సచ్చే ముందు చెప్పే మాట మర్చిపోయిండు సార్."

"రాజు?"

"వాడు గూడ. ఏడ్వనీకి తయారైండు. అన్నం తినేటోడు మాట్లాడకున్నా నడుస్తది గద."

జయానందం గారు వచ్చారు. "రసూల్! ఆపొద్దని చెప్పిన్నా, లేదా?"

రసూల్ తల వంచుకున్నాడు. నా పేరు ఎత్తలేదు.

"ఆయన ఆపలే సార్," అన్నాను. "నాటకంలనే అట్ల ఉంది."

"ఏదీ? సోమవారం తెచ్చి చూపించుండ్రి."

ఆదివారం కూర్చుని ప్రతిలో ఎక్కించాను: *ఇక్కడ పులి మాట మరిచిపోతుంది. పిల్లలను అడగాలి.* రాశాక మొదటి నుంచీ చదువుకున్నాను. నాటకం మొత్తంలో బాగున్న చోటు అదొక్కటే.