బక్క నల్లి

అక్క పోయాక ఆమె పనిచేసిన గదే ఎక్కువ గుర్తొస్తోంది. చిక్కుడాకుల పళ్లేలు, తడి దూది, ఆకుపచ్చ వెలుతురు.

పూలమొక్కల రసం పీల్చే ఎర్రనల్లిని తినడానికి మరో జాతి నల్లిని అక్కడ పెంచేవాళ్లు. ఇసుకరేణువంత ప్రాణి.

"నల్లుల్ని చంపేవాళ్లని చూశాం గానీ, పెంచేదాన్ని నిన్నే చూస్తున్నానే!" అని అమ్మ బుగ్గలు నొక్కుకునేది.

చేరిన కొత్తలోనే అక్క పొరపాటు చేసింది. అప్పుడే ఎదిగిన నల్లుల పళ్లెంలో నారింజ చుక్కల్లాంటి బొద్దువాటిని ఉంచి, బక్కవాటిని గిడసబారినవనుకుని కుంచెతో ఏరి పారేసింది. ఆ బక్కవే మగవి. జతకట్టనిదే ఈ ఆడనల్లి గుడ్డు పెట్టదు. నాలుగు రోజులైనా గుడ్డు లేదు.

"శుక్రవారానికి గుడ్డు కనపడాలి. లేదంటే పళ్లెం కడిగేస్తాం, నువ్వూ ఇంటికెళ్లిపోవచ్చు" అన్నాడు సూపర్‌వైజరు.

"బొద్దుది ఆడది, బక్కది మగది. మనింట్లో చూసైనా తెలియలేదా?" అన్నాడు బావ, తన పక్కటెముకలు తడుముకుంటూ. అక్క నవ్వలేదు.

బుధవారం నేను అన్నం డబ్బా తీసుకెళ్లేసరికి అక్క భూతద్దం మీదికి వంగి ఉంది. నన్నూ చూడమంది. ఈనె పక్కన ఒకే ఒక్క మగది. అక్క ఏరినప్పుడు గుడ్డులో ఉండి తప్పించుకుంది కాబోలు. ఇంకా ఆఖరి పొర విడవని ఆడనల్లి మీద ఒక కాలు వేసి, కదలకుండా కాస్తోంది. ఈ ప్రాణులకు కళ్లుండవు. వాసనే దారి.

"దాన్ని ఎత్తి ఎదిగినవాటి మధ్య వెయ్యి" అన్నాడు సూపర్‌వైజరు.

"కుంచె తగిలి కాలు విరిగితే ఉన్న ఒక్కటీ పోతుంది సార్. ఆగుదాం."

"పెళ్లిపెద్దవా నువ్వు?"

"కాదు సార్, కాపలాదాన్ని."

మధ్యాహ్నం పొర చిట్లింది. మగది మెల్లగా ఆడదాని కిందికి దూరి పొట్టకి పొట్ట ఆనించింది. మధ్యలో విడిపోతే గుడ్లు తగ్గుతాయట. ఊపిరి తగలకుండా అక్క రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు గంటలపాటు అలాగే. నేనూ ఆ ఆకు మీదే ఎక్కడో, ఈనెల దారుల్లో తప్పిపోయినట్టనిపించింది.

శుక్రవారం సాయంత్రం ఈనె పక్కన కోలగా, లేత పాలరంగులో ఒక గుడ్డు.

సూపర్‌వైజరు చాలాసేపు భూతద్దం వదల్లేదు. "ఇంకో ఆకు తెచ్చి పెట్టమ్మా, పిల్లలకి చోటు చాలదు" అన్నాడు చివరికి.

కూర్చుని కూర్చుని అక్క కాళ్లు తిమ్మిరెక్కాయి. నా భుజం పట్టుకుని లేచింది. ఆ చెయ్యి ఎంత బరువో ఇప్పటికీ చెప్పగలను.