గడ్డి ఎప్పుడూ ఎడమచేతి వైపు

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది నేను అరబ్బు దేశంలో కల్బా అనే ఊళ్ళో ఒక ముసలాయనకు ఇంటి నర్సుగా చేరాను. అందరూ ఆయన్ని బాబా అనేవాళ్ళు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, ఆ చేత్తో చెంచా కూడా పట్టుకోలేడు. మాట మాత్రం పోలేదు. నాతో హిందీలో మాట్లాడేవాడు, కోపమొస్తే అరబీలో. నన్ను పిలిచేది మాత్రం బింతీ అని, అంటే కూతురా అని.

పొద్దున్న మందులు పడ్డ దగ్గర్నుంచి టీవీలో అమెరికా కార్ల రేసులే. అన్నీ పాతవి. చూడటానికి మామూలు కార్లే, ఒళ్ళంతా అంకెలు, ప్రకటనలు. కోడిగుడ్డు ఆకారపు దారిలో వందలకొద్దీ చుట్లు తిరుగుతాయి, అదీ ఎడమకే. ఇంత పెట్రోలు తగలేసి బయల్దేరిన చోటికే వచ్చేవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. ఆ మాటే అన్నాను. బాబా రెండు రోజులు నా చేతి మందు మింగలేదు.

కుర్రతనంలో ఆయన అమెరికా వెళ్ళాడు. చదువు సంగతి నాకు తెలియదు గానీ, ఆదివారాలన్నీ ఆ రేసుల దగ్గరే గడిపాడట. ఏ డ్రైవరు ఏ కారులో గెలిచాడో, చివరి మలుపులో ఎవరు ఎవర్ని గోడకు నొక్కాడో ఆయనకు కంఠతా. ఆ పేర్లకు నాకు నోరు తిరగక కారు నంబర్లతోనే గుర్తు పెట్టుకున్నాను. కొన్ని ఇళ్ళలో తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ ఇదే పని చేశారని తెలిసి, ఆ ఇళ్ళ ఆడవాళ్ళ మీద జాలిపడ్డాను.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది ఒక రికార్డు. గంటకు రెండువందల పన్నెండు మైళ్ళు. ఆయన పడుచుతనంలో ఎవరో డ్రైవరు కొట్టాడు, ఇంకా ఎవరూ దాటలేదు. చేతగాక కాదు. ఆ వేగాల్లో ఒక కారు గాల్లోకి లేచి కంచెను చీల్చేసరికి, ఇంజనుకు గాలి తగ్గించే చిల్లుల రేకు బిగించమని నిబంధన పెట్టారు. కారు అదే, ఇంజను అదే, ఊపిరే తగ్గించారని చెప్పి బాబా తన కుడి చెయ్యి చూసుకునేవాడు. నేను బీపీ చూసేదాన్ని.

ఇంతలో ఇంటి డ్రైవరు సెలవు మీద ఊరికి వెళ్ళి తిరిగి రాలేదు. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు ఖోర్ ఫక్కాన్ పోవాలి. అది ఆపితే ఆ చేతి మీద ఆశ వదులుకోవడమేనని డాక్టరు చెప్పాడు. బాబా కొడుకు మర్యాదస్తుడు. నన్ను లైసెన్సు తెచ్చుకోమన్నాడు, ఖర్చు తనదేనన్నాడు. రాకపోతే కారు నడిపే నర్సును పెట్టుకుంటామని కూడా అంతే మర్యాదగా చెప్పాడు.

భీమవరంలో పదేళ్ళు స్కూటీ నడిపినదాన్ని. అక్కడ ఎడమ పక్కన పోతాం, ఇక్కడ కుడి పక్కన. తిన్నటి రోడ్డు మీద బాగానే నడిపేదాన్ని. రోడ్లు కలిసేచోట మధ్యలో గడ్డి వేసిన రౌండబౌట్ దగ్గరకు వచ్చేసరికి నా ఒంట్లోని భీమవరం లేచి కూర్చునేది. మొదటి పరీక్షలో ఆ గడ్డికి ఎడమ పక్కగా తిప్పి ఎదురొచ్చేవాళ్ళ మీదికి పోయాను. రెండోసారీ అంతే. పక్కనున్న పోలీసమ్మ తన వైపు బ్రేకు తొక్కి, ఖలాస్ అంది.

ఆ ఇంటి వంటామెది అమలాపురం వైపు. నేను వదినా అని పిలిచేదాన్ని.

“మూడోసారీ తప్పేవంటే టికెట్టు సేతిలో పెట్టేత్తారే. ఎటునించి తిరిగితే ఏంటో ఆళ్ళకి, ఎల్లేది ఆ ఊరికే కదా,” అంది.

నవ్వాను గానీ, తర్వాత బాత్రూములోకి పోయి ఏడ్చాను. ఉద్యోగం కోసం కొంత. సజ్జాలో కూలీల క్యాంపు క్లినిక్కులో తెలిసినామె ఉంది, అక్కడ పని దొరికేది. ఇంకొకత్తె వచ్చి ఆయన టీవీ కట్టేస్తుందన్న దిగులే ఎక్కువ.

బాబాకు ఎవరు చెప్పారో మరి. మర్నాడు భోజనం దగ్గర గుండ్రటి ఖుబ్జ్ రొట్టె తినకుండా బల్ల మధ్యలో పెట్టాడు. బీరువాలోంచి బొమ్మ కారు తెప్పించి, ఎడమ చేత్తో దాన్ని రొట్టె చుట్టూ నడిపించాడు.

“చూడు బింతీ. రేసులో మధ్యనున్న గడ్డి ఎప్పుడూ డ్రైవరు ఎడమచేతి వైపే ఉంటుంది. ఇక్కడి రౌండబౌట్‌కీ అంతే. గడ్డి కుడికి వచ్చిందా, నువ్వు చచ్చావు,” అన్నాడు.

వారం రోజులు రొట్టె చుట్టూ కారు నడిపాను. కాస్త ఆగితే యల్లా అని కసిరేవాడు. మూడో పరీక్షలో రౌండబౌట్ కనబడగానే గడ్డి ఎడమకు, గడ్డి ఎడమకు అని తెలుగులో పైకే గొణిగాను. పోలీసమ్మ ప్రార్థన అనుకుని ఉంటుంది. పాసయ్యాను.

మొదటి ప్రయాణానికి బాబా ఎరుపు తెలుపు గళ్ళ తలగుడ్డ కట్టించుకుని, వెనక సీటు వద్దని నా పక్కన కూర్చున్నాడు. మొదటి రౌండబౌట్‌లో మా దారి రాగానే ఇంకో చుట్టు అన్నాడు. తిరిగాను. మళ్ళీ అన్నాడు. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో అయిదు చుట్లు తిరిగాం. ఒక నీళ్ళ ట్యాంకరు హారను కొట్టి కొట్టి మమ్మల్ని దాటిపోయింది. మేం ఓడినట్టేనన్నాను, బాబా ఒప్పుకోలేదు.

అయిదో చుట్టు పూర్తవుతుండగా నా కుడి పక్క ఏదో రెపరెపలాడింది. రేసు ముగియగానే గళ్ళ జెండా ఊపుతారు. బాబా తలగుడ్డ ఊడదీసి కిటికీలోంచి బయటికి ఊపుతున్నాడు. ఎగిరిపోతుంది, గట్టిగా పట్టుకోండని కసరబోయి, గడ్డి మీంచి చూపు తిప్పాను. ఆయన ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉంది.

ఎవరూ అడక్కుండానే ఇంకో చుట్టు తిరిగాను.