ధింసా వరుసలో కూలీల క్యాంటాటా

మా విశాఖ చర్చిలో ఏటా క్రిస్మస్ క్యాంటాటా పాడీ పాడీ విసుగెత్తిన రోజులవి. 2000ల మొదట్లో ఓ డిసెంబరులో, అరకు దగ్గర పల్లెలో టీచరుగా ఉన్న మిత్రుడు సామ్యూల్ ఫోన్ చేసి, "కాఫీ కూలీల సమ్మె మీద క్యాంటాటా కట్టాను, పాడేది కూడా కూలీలే, రా" అన్నాడు. క్యాంటాటా అంటే కథంతా పాటల్లోనే చెప్పడం, కొంత ఒక్క గొంతుతో, కొంత బృందంగా. మా దగ్గర అందులో దేవదూతలూ గొల్లలే పాడతారు. కూలీలంటే వెళ్లకుండా ఉండగలనా!

ఆదివారం తెల్లవారుతూనే కిరండూల్ ప్యాసింజరు ఎక్కాను. దారిలో తిన్న వేరుశనక్కాయల ఖర్చు టికెట్టుతో పోటీ పడింది. సొరంగాలన్నీ దాటి అరకులో దిగేసరికి పదకొండు దాటింది. అక్కణ్ణుంచి పది రూపాయలకు షేర్ జీపు. "గుహలు సూడ్డానికేటి సార్?" అన్నాడు డ్రైవరు. పాట వినడానికన్నాను. "పాట కోసం ఇంత దూరమొచ్చీసినారా!" అని నన్ను జాలిగా చూశాడు.

ఆ పల్లె చర్చి ముంగిట్లో సామ్యూల్ తల పట్టుకుని కూర్చున్నాడు. సమ్మెకు పిలుపునిచ్చే పాట కూలీల్లో చిలకమ్మ అనే ఆవిడ ఒక్కతే పాడాలి. ఆ పాట ఎత్తుకున్న మనిషికి ఇక తోటలో పనుండదని మేస్త్రి ముందే చెప్పాడు. చెప్పడమే కాదు, వచ్చి ముందు బెంచీ మీద కూర్చున్నాడు కూడా. కాఫీ పండ్ల కోత పని పోతే చిలకమ్మ ఇంట్లో ఏడాదంతా కటకటే. ఆ పాట తీసేద్దామన్నాడు సామ్యూల్.

"తియ్యకండి మాస్టారూ," అంది చిలకమ్మ. "ధింసా ఒకలే ఆడతారేటి? పాటా అలగే పాడీద్దుం."

పన్నెండుమంది ఆడవాళ్లు, ఆ కొండల్లో ధింసా నాట్యానికి నిలబడినట్టే, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరుసకట్టారు. ఒక్క గొంతు పాటను తలా ఒక చరణంగా అందుకున్నారు. శ్రుతి రెండుసార్లు జారింది, సామ్యూల్ మొహం మాడింది. నాకు మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి. మేస్త్రి చప్పట్లు కొట్టకుండానే లేచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి సామ్యూల్ ఇంట్లోనే ఉండి, పొద్దున తోట దాకా నడిచాను. మేస్త్రి బుట్టలు పంచుతూ చిలకమ్మ దగ్గర ఆగి, "నువ్వొద్దు, ఇంటికెళ్లిపో" అన్నాడు. పక్కామె తన బుట్ట కింద పెట్టేసింది. తర్వాత ఆమె పక్కామె. అరుపుల్లేవు, నినాదాల్లేవు. అందరూ గట్టు మీద కూర్చున్నారు. ఎండెక్కింది. కొమ్మల మీద పండ్లు ఎర్రగా మాగి ఉన్నాయి, ఇంకో రోజు ఆగితే రాలిపోయేవే. మేస్త్రి వాటిని చూశాడు, వీళ్లను చూశాడు. చివరికి చిలకమ్మ వైపు బుట్ట తోసి, "సరే, బేగి కానీండి" అన్నాడు.

మా చర్చిలో ఇన్నేళ్లుగా ఐకమత్యం మీద ఎన్ని పాటలు పాడానో! పాట అయిపోగానే ఎవరి స్కూటరు వాళ్లం ఎక్కి వెళ్లిపోయేవాళ్లం. కలిసి పాడిన మాటకు కట్టుబడటం కూడా పాటలో భాగమేనని నాకు ఆ గట్టు దగ్గరే తెలిసింది.

అక్కడికి పాట వినడానికి వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా: ఆదివారం సాయంత్రం రైలుకే తిరిగొచ్చేయకండి. సోమవారం పొద్దుటిదాకా ఉండండి.