ఒక్కసారే అడిగాను

మాది నార్సింగి. మా ఇంట్లో ‘వద్దు’ అన్న మాటకు విలువ లేదు. వచ్చిన మనిషి ఎన్నిసార్లు వద్దన్నా మా అమ్మ కంచంలో అన్నం వేసేసేది. “ఏందయ్యా, గింతేనా తినుడు? జర ఇంకింత పెట్టుకో” అని చెయ్యి పట్టి కూర్చోబెట్టేది. మొదటిసారి వద్దనడం వట్టి మొహమాటమేనని, మూడోసారికి గానీ మనిషి మనసు బయటపడదని మాకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

మాదాపూర్‌లో అద్దాల మేడలు కొత్తగా లేస్తున్న రోజుల్లో నాకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీకులు తప్పుతాయని అందరికీ భయం. ఆ పాత ప్రోగ్రాములు సరిచేయడమే మా పని. విదేశాల వాళ్ళతో మాట్లాడాలి కదా అని మాకు మర్యాద నేర్పే క్లాసు పెట్టారు. టై కట్టుకున్న ఒకాయన వచ్చి, పక్కవాళ్ళను కాఫీ కావాలా అని అడిగి చూపించమన్నాడు. నేను మూడుసార్లు అడిగాను. క్లాసంతా పగలబడి నవ్వింది. “వద్దంటే వద్దే. రెండోసారి అడిగితే ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టినట్టు” అన్నాడాయన. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఎవరినైనా ఏదైనా ఒక్కసారే అడగడం మొదలుపెట్టాను. నాగరికుణ్ణయ్యానని గర్వం కూడానూ, సిగ్గు లేకపోతే సరి.

నా పక్క కుర్చీలో గోదావరి వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవారు. నలభై దాటాక పాత ఉద్యోగం మానేసి, ప్రోగ్రామింగ్ నేర్చుకుని చేరారు. అంత మొహమాటస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఎవరైనా తన కాలు తొక్కితే “క్షమించండి” అని ఆయనే అనేవారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన పని ఆపేసి ఎడమ భుజం నొక్కుకుంటున్నారు. ఏసీలో కూడా చొక్కా తడిసిపోయింది.

“సార్, దవాఖానకు పోదామా? నా బండి కిందనే ఉంది” అన్నాను.

“అబ్బే, పర్లేదండి. గ్యాస్ అనుకుంటానండి. మీ పని పాడుచేసుకోకండి.”

ఆ మాట అని నా వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ చూపు నాకు అర్థమైంది. మా ఇంట్లో అయితే రెక్క పట్టి లేపేవాణ్ణి. కుర్చీలోంచి సగం లేచాను కూడా. అంతలో ఆ క్లాసు గుర్తొచ్చింది. దాని మీద మన్నుబొయ్య! నా బుద్ధి గడ్డి తిని, మళ్ళీ కూర్చున్నాను.

గంట తర్వాత ఆయన బ్యాగు సర్దుకుని, “కొంచెం నలతగా ఉందండి, వెళ్ళొస్తాను” అని ఒక్కొక్కరికీ చెప్పి మరీ కిందికి వెళ్ళారు. అప్పట్లో అక్కడ ఆటో దొరకడమే గగనం. కాసేపటికి వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“సారూ, గేటు కాడ పెద్దసారు కిందవడ్డడు. జల్ది రాండ్రి!”

మేనేజరు కారులో జూబ్లీహిల్స్ ఆస్పత్రి దాకా తీసుకెళ్ళాం. డాక్టరు నాడి చూసి, “ఒక గంట ముందు తేవాల్సింది” అన్నాడు.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగారు.

“ఆ రోజు ఆయన పక్కన మీరే ఉన్నారటగా. ఆస్పత్రికి వెళదామని అడగలేదాండీ?”

“అడిగానండి.”

“ఒకసారి అడిగితే ఔననే మనిషి కాదండీ ఆయన. గట్టిగా అడిగారా?”

నిజం చెబుదామనే నోరు తెరిచాను. ఎదురుగా ఆ కళ్ళు చూశాక, చెప్పడం బాగుండదనిపించింది. నిజానికి భయమేసింది.

“మూడు నాలుగు సార్లు అడిగానండి. బతిమాలాను. ససేమిరా అన్నారు.”

ఆవిడ ముఖం మారిపోయింది. గోడ మీది ఫోటో వైపు తిరిగి, “అంత బతిమాలినా కదల్లేదా? నేనూ పిల్లలూ గుర్తు రాలేదా మీకు?” అని పోయిన మనిషిని తిట్టడం మొదలుపెట్టారు. నేను వింటూ కూర్చున్నాను.