గున్నయ్య మావ కట్టిన సమురాయ్ కవచం

ఆఫీసులో పక్క సీటావిడ బ్యాగు దారం కొస ఊడిపోతోందని లైటరుతో కాల్చింది. నైలాను కాలిన ఘాటు ముక్కుకు తగలగానే గున్నయ్య మావ గుర్తొచ్చాడు. ఇక ఆ పూట పని సాగితే ఒట్టు! ఉద్దానం తీరంలో మా పక్కింటి మనిషి ఆయన. కిడ్నీలు పాడై చేపల వేట మానేశాక, వాకిట్లో కూర్చుని ఊరందరి వలలూ బాగుచేసేవాడు. ముడి వేసి కొస కాల్చేవాడు. ఒక వస్తువును ఎలా చూడాలో నాకు నేర్పింది ఆయనే.

రెండువేల ఐదారు ప్రాంతాల్లో నేను కాశీబుగ్గలో కంప్యూటరులో బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నాను. హైదరాబాదులో వీడియో గేములు చేసే కంపెనీ ఒకటి, ఉద్యోగానికి పరీక్షగా జపాను సమురాయ్ యోధుణ్ణి గీసి పంపమంది. ఆడిన గేముల్లో చూసినట్టే గీశాను: తళతళలాడే ఇనుప కవచం, చేటలంత భుజాలు, కొమ్ముల టోపీ. ప్రింటు తీసి మావకు గొప్పగా చూపించాను.

“ఈడు సెయ్యెత్తితే ఈ రేకు ఎటెల్తాదే గుంటా?”

“సెయ్యి రేకులోంచి దూరిపోద్ది మావా. గేముల్లో అంతే. ఎవులూ సూడరు.”

“నాను సూసినాను గదా!”

నాకు ఒళ్ళు మండింది. గేమంటే ఏమిటో తెలియని మనిషి నాకు చెప్పొచ్చాడు! అయినా నెట్ సెంటరుకు పోయి అసలు కవచాల ఫొటోలు వెతికాను. అది ఒక్క పలక కాదు, చిన్న చిన్న రేకుల్ని వరసలుగా పట్టుతాళ్ళతో అల్లిన పని. ఫొటో చూడగానే మావ మొహం వెలిగింది. “ఓలమ్మో, తాడు పనేనే ఇది! మన పనే!” నాలుగు రోజులు కూర్చుని అట్టముక్కల్ని వల దారంతో అల్లి భుజకవచం చేశాడు. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన ఎడమ చేతికే తొడుక్కున్నాడు. ఆ చేతికి గడియారం కూడా పెట్టుకోవద్దని డాక్టర్లు చెప్పారు. అత్త లబోదిబోమంది. ఆయన వినిపించుకోకుండా చెయ్యెత్తాడు. వరసలు ఒకదానిమీదికొకటి జారి, దించగానే సర్దుకున్నాయి.

“బిగిత్తే రగతం ఆగిపోద్ది. ఒదులుగా ఉండాల. లోపలున్నోడు బతకాల గదే,” అన్నాడు.

అదే గీసి పంపాను. ఉద్యోగం వచ్చింది, ఆ యోధుణ్ణే గేములో పెడతామన్నారు. “నా ముడి ఆటలోకి ఎల్తంది” అని మావ ఊరంతా చెప్పుకున్నాడు. విశాఖ ఆసుపత్రిలో పక్క మంచాలవాళ్ళకూ చెప్పాడట.

కంపెనీలో మా పైఅధికారి మాత్రం, “తాళ్ళు తీసెయ్యమ్మా. ఇవన్నీ కదిలితే గేము నత్తనడక నడుస్తుంది. మెరుపు పెంచు చాలు,” అన్నాడు. కొత్త ఉద్యోగం కదా, తీసేశాను. కవచం ఒంటికి రంగు పూసినట్టు అతుక్కుపోయింది.

గేము బయటికొచ్చేసరికి మావ మంచం దిగడం లేదు. చూపు కూడా మసకబారింది. సెలవు పెట్టి వెళ్ళాను.

“నా తాళ్ళున్నాయేటే?”

“ఉన్నాయి మావా.”

“సెయ్యెత్తితే జారతన్నాయా?”

“జారతన్నాయి.”

ఆయన నమ్మాడు. అత్తను పిలిచి, “ఇన్నావా? జారతన్నాయట,” అన్నాడు. పదిరోజులకు పోయాడు.

ఇప్పుడు కంపెనీలో నా మాట చెల్లుతుంది. ఎవరు ఏ కవచం గీసినా ముందు చెయ్యెత్తించి చూపించమంటాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. ఆ రోజు నిజం చెప్పి ఉంటే మావ తిట్టేవాడు. నోరారా తిట్టి, మళ్ళీ ఎలా గీయాలో చెప్పేవాడు. ఆ తిట్లకు భయపడి, చావుబతుకుల్లో ఉన్న మనిషికి అబద్ధం చెప్పాను.