దావా లేని ఆటకత్తె

ఎల్లారెడ్డిలో మున్సిఫు గారి భార్యకు ఒక్కటే లోటు. ఆమెను ఓడించే మనిషి ఊళ్ళో లేదు.

ఆమె పుట్టిల్లు కృష్ణకు అవతల, మద్రాసు ఇలాకా. కాపురానికి వస్తూ రెండు బ్యాట్లు, ఒక వల, డబ్బాలో పేర్చిన ఈకల బంతులు, పెట్టెనిండా తెలుగు నవలలు తెచ్చుకుంది. బంగళా వెనక సున్నంతో గీతలు గీయించి, మగవాళ్ళ కళ్ళు పడకుండా చుట్టూ గుడ్డ కనాతులు కట్టించింది. సాయంత్రాలు ఊరి పెద్దల ఇండ్లలోని ఆడవాళ్ళు వచ్చి ఆడేవారు. అంటే వచ్చి ఓడిపోయేవారు.

అందరికంటె బాగా ఓడిపోయేది వకీలు గారి భార్య. బంతి దగ్గరికి వస్తే సరిగ్గా అప్పుడే కొంగు సర్దుకునేది. దూరంగా పడితే పరుగెత్తి, అందే చోటికి ఒక అడుగు ముందే ఆగేది.

"అబ్బ, దొరసానమ్మా! గా దెబ్బకు ఎవలు నిలుస్తరు?" అని రొప్పుతూ చప్పట్లు కొట్టేది. ఆమె భర్త కేసులన్నీ ఆ మున్సిఫు ముందే నడిచేవి. సావుకారు భార్య అయితే బ్యాటు పట్టకముందే ఓడిపోయానని చెప్పేసింది.

"దావా లేని ఇల్లు ఈ ఊళ్ళో ఒక్కటైనా లేదా?" అని మున్సిఫు గారి భార్య ఒకరోజు విసుక్కుందట. ఎవరో మా ఇల్లు చెప్పారు. మా బాపు బడిపంతులు. పంతులుకు ఆస్తి ఎక్కడిది, దావా ఎక్కడిది అనుకుని ఉంటారు.

నన్ను పిలిపించింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. కొత్తవాళ్ళ ముందు పేరు చెప్పడానికే సిగ్గు. చెప్పలేనివన్నీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

"మీకు కోర్టులో కేసులేం లేవు కదూ?" అని అడిగింది.

నేను తల దించుకున్నాను. లేవన్నట్టే తీసుకుంది ఆమె. నిజానికి పక్కింటి దాయాదులతో మా నడిమి గోడ దావా నాలుగేళ్ళుగా ఆ కోర్టులోనే పేషీలు తిరుగుతోంది. ఆ మాట చెబుదామని తల ఎత్తేసరికి ఆమె పుస్తకాల పెట్టె మూత తెరిచింది.

"ఆడుతున్నన్నాళ్ళూ ఒక్కొక్క పుస్తకం పట్టుకెళ్ళి చదువుకో."

మళ్ళీ తల దించుకున్నాను. నా సిగ్గు నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఆట నెల రోజుల్లో వచ్చింది. లెక్క రావడానికి ఇంకా పట్టింది. బంతి వేసేవాళ్ళు గెలిస్తేనే పాయింటు. అందుకునేవాళ్ళు ఎంత గొప్పగా కొట్టి గెలిచినా వాళ్ళకు వచ్చేది బంతి వేసే వంతు మాత్రమే. ముందు పదకొండు చేసినవాళ్ళది ఆట. ఆరుసార్లు గెలిచానని నేను లోలోపల మురుస్తుంటే ఆమె "నీవి రెండు" అనేది. అన్యాయమనిపించి, ఇంటికెళ్ళాక నోటుబుక్కులో బంతికొక గీత పెట్టి చూసుకున్నాను. ఆమె లెక్కే సరైనది. వకీలు గారి భార్యకు ఈ గీతల అవసరమే రాలేదు.

"ఎట్ల లెక్కవెట్టినా పదకొండు దొరసానియే కద పిల్లా," అంది నాతో. "ఇగ నడుమల లెక్క ఎందుకు?"

మొదటిసారి నేను ఒక ఆట గెలిచిన రోజు మున్సిఫు గారి భార్య సంతోషం పట్టలేక నాకు పళ్ళెం నిండా కారప్పూస పెట్టింది. ఆ సంగతి విని మా అమ్మ, మేం అవ్వ అంటాం, అన్నం మానేసింది.

"రేపన్న ఓడిపో బిడ్డా," అంది. "నీదేం పోతది? వచ్చే నెల గోడ ఫైసలా ఉన్నది."

"కావాల్నని ఓడిపోతే ఆమెకు తెలుస్తదవ్వా. పుస్తకాలియ్యది."

"నీ పుస్తకాలు గోడను నిలవెడ్తయా?"

"ఆ పిల్లను ఆడనియ్యరాదే," అన్నాడు బాపు, దిద్దుతున్న పలకల మీంచి తల ఎత్తకుండా.

మరునాడు ఆట పది–పది దాకా వచ్చింది. బంతి వేసే వంతు ఆమెది. నాలుగైదు దెబ్బల తర్వాత బంతి వల మీదుగా మెల్లగా దిగి నాకు రెండడుగుల ముందు పడింది. నా కాలు లేవలేదు.

బయటికి వస్తుంటే కనాతు పక్కన వకీలు గారి భార్య నా భుజం తట్టింది.

"శెభాష్ పిల్లా! నేను గిన్ని దినాలసంది ఓడిపోతున్న గని, గింత ముద్దుగ ఎన్నడు ఓడిపోలె. మీ గోడ ముకద్దమా గెలిచినట్టే పో!"

కనాతు బట్టే కదా, అవతలికి వినపడింది.

మరుసటి రోజు మున్సిఫు గారి భార్య నా చేతిలోని నవల వెనక్కి తీసుకుంది. సగమే చదివాను.

"దావా ఉందని చెప్పలేదు. నిన్న కూడా కావాలనే ఓడిపోయావా?"

ఇంటికి పరుగెత్తి నోటుబుక్కు తెచ్చి, నిన్నటి పేజీ తీసి ఇచ్చాను. బంతికొక గీత ఉంది. ఆ పది పాయింట్లకు నేనెంత చెమటోడ్చానో ఉంది. ఆమె బంతి వేస్తుంటే రోట్లో కారం దంచుతున్నట్టుంటుందని కూడా అక్కడే రాశానన్న సంగతి, ఇచ్చాక గుర్తొచ్చింది. అది చదివి ఆమె నవ్వింది. దాని కింది వాక్యం దగ్గర నవ్వు ఆగింది.

"ఆఖరి బంతికి నా కాలు లేవలేదు. అలసటో, అవ్వ మాటో, తెలియలేదు."

నోటుబుక్కు ఇచ్చేసింది. నవల ఇవ్వలేదు.

"నీకే తెలియనిది నేనెలా తేల్చను? దావా తెగేదాకా రావద్దు."

దావా తెగలేదు. అంతకంటె ముందు మున్సిఫు గారికి వేరే ఊరికి తబాదలా వచ్చింది. ఆయన చార్జి అప్పగించిన రోజు బంగళాకు ఆడవాళ్ళెవరూ రాలేదు. రాబోయే మున్సిఫు భార్యకు ఏ ఆట ఇష్టమో కనుక్కునే పనిలో వకీలు గారి భార్య ఉందట. నేను వెళ్ళాను. కనాతులు విప్పేశారు గానీ వల ఇంకా ఉంది.

"ఇప్పుడిక మీ గోడ మా గోడ కాదు," అని ఆమె బ్యాటు అందించింది.

పదకొండు–నాలుగు. ఓడిపోయాను. ప్రతి బంతికీ కాలు లేచింది. లేచి వెళ్ళేసరికి బంతి నేల మీద ఉండేది. ఇంత వేగం ఆమె దగ్గర ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

"ఇన్నాళ్ళూ మీరు..." అని ఆగిపోయాను.

"మరేం చేయను?" అంది బ్యాటు తుడుచుకుంటూ. "దొరికిందే ఒక్కదానివి. రోజూ చిత్తుగా ఓడిస్తే మళ్ళీ వచ్చేదానివా?"

పది–పది కూడా ఆమె చలవే అయి ఉంటుంది. అది అడగలేదు. నవల సంగతి అడిగాను. పుస్తకాల పెట్టె పొద్దున్నే బండిలో కామారెడ్డి స్టేషనుకు పోయిందట. మిగిలిన సగం కథ చుట్టిపెట్టిన వల మీద కూర్చుని నోటితో చెప్పింది. ఆ ముగింపు నాకు బొత్తిగా నచ్చలేదు. ఆ మాట పైకే అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. రెండో బండి కట్టేదాకా వాదించుకున్నాం.